తాత పేరు, మనుమని పేరు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో బహునామాల చరిత్ర

వ్యాససంగ్రహం

పుట్టిన బిడ్డకు ఇంటి పెద్దల పేరు పెట్టడం తెలుగువారిలో ప్రాచీనమైన ఆచారం. ఒక బిడ్డకు ఒక పెద్ద పేరు పెట్టడం దాని పాత రూపం. ఇద్దరు ముగ్గురు పెద్దల పేర్లను ఒకే బిడ్డ పేరులో వరుసగా చేర్చడం ఇటీవలి రూపం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు వాడుకను ఆధారంగా తీసుకొని, ఈ మార్పు ఎలా వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పిల్లల సంఖ్య తగ్గడం, దైవనామమూ తాత పేరూ వేరుపడడం, మనిషికి ఒకే లిఖితనామం ఉండాలని పాలనావ్యవస్థ కోరడం ఇందుకు ముఖ్యకారణాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నామకరణం, తాత పేరు, ఇంటిపేరు, ఇలవేల్పు, పహాణీ, పిలుపు పేరు, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో నామవిజ్ఞాన పరిశోధన ప్రధానంగా ఊళ్ల పేర్ల మీద, ఇంటిపేర్ల మీద సాగింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లను పరిశోధించారు. యార్లగడ్డ బాలగంగాధరరావు గ్రామనామాలకు జీవితకాలపు కృషిని వెచ్చించారు. తేళ్ల సత్యవతి ఇంటిపేర్ల మీద పనిచేశారు. మనిషి సొంత పేరు మాత్రం ఈ పరిశోధనలలో కొంత వెనుకబడింది. ఊరి పేరు శాసనానికి ఎక్కుతుంది, ఇంటిపేరు వంశానికి ఆనవాలుగా నిలుస్తుంది. సొంత పేరు ఆ మనిషితోనే పోతుందని పరిశోధకులు భావించి ఉండవచ్చు. కాని మన సమాజంలో సొంత పేరు మనిషితో పోదు. ఒక తరం దాటి మళ్లీ అదే ఇంట్లో పుడుతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో నాడు తొట్టెల వేసి పేరు పెట్టడం వాడుక. "ఎవరి పేరు పెట్టిండ్రు?" అన్నది ఆనాడు చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న. "ఏం పేరు పెట్టిండ్రు?" అన్నది ఆ తర్వాతి ప్రశ్న. పేరుకు అర్థం వెతకడం కొత్త అలవాటు, పేరుకు మనిషిని వెతకడం పాతది. ఈ వ్యాసం ఆ మొదటి ప్రశ్న చరిత్రను అనుసరిస్తుంది.

2. ఊళ్లుగా మిగిలిన మనుషులు

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లా పటాన్ని చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి, రామారెడ్డి, నాగిరెడ్డిపేట, లింగంపేట, రాజంపేట, సదాశివనగర్, బీబీపేట, నస్రుల్లాబాద్ మండలాల పేర్లన్నింటిలోనూ మనుషుల పేర్లు వినిపిస్తాయి. వీటిలో రెడ్డి పేర్లు రెడ్డిగానే మిగిలిపోయాయి. 'పేట', 'పల్లి' వంటి ఉత్తరపదం లేకుండా మనిషి పేరే ఊరి పేరు కావడం తెలుగు గ్రామనామాలలో అంత తరచుగా కనిపించదు. ఈ ప్రాంతంలో అది వరుసగా నాలుగు చోట్ల కనిపిస్తున్నది.

కామారెడ్డి పేరు దోమకొండ కోట నుంచి పాలించిన కామినేని వంశీయుడు చిన కామిరెడ్డి వల్ల వచ్చిందని స్థానిక చరిత్ర చెప్తుంది. ఆయన కాలం 17వ శతాబ్ది పూర్వార్ధం. ఇక్కడ మన దృష్టి నిలవవలసింది 'చిన' అనే విశేషణం మీద. చిన కామిరెడ్డి ఉన్నాడంటే పెద కామిరెడ్డి ఉండి ఉండాలి. దోమకొండ పాలకుల పరంపరలో ఆ పేరూ వినిపిస్తుంది. అంటే ఒక ఊరి పేరుగా స్థిరపడిన ఈ పేరు కూడా అంతకుముందున్న మరొకరి నుంచి తీసుకొన్నదే. అదే కామినేని వంశంలో షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరం రచించిన మల్లారెడ్డి 16వ శతాబ్దపు కవి. ప్రబంధకవులు అవతారికలో తమ వంశాన్నో కృతిభర్త వంశాన్నో వర్ణించే ఆచారం మనకు తెలిసినదే. ఆ వంశవర్ణనలను కవిత్వంగా చదివి వదిలివేయడం పొరపాటు. ఏ పేరు ఎన్ని తరాలకు తిరిగి వచ్చిందో చెప్పే లిఖిత సాక్ష్యాలు మనకు కొద్దిగానే ఉన్నాయి, వాటిలో ఇవి ముఖ్యమైనవి.

ఎల్లారెడ్డి అన్న పేరులో 'ఎల్ల' అనే భాగం ఎల్లమ్మలో ఉన్నదే. ఈ ప్రాంతపు ఎల్లయ్యలు, ఎల్లవ్వలు, ఎల్లారెడ్డి ఒకే దేవత పేరును పంచుకొన్నవాళ్లు. వారిలో కోట ఉన్నవాని పేరు ఊరి పేరుగా మిగిలింది. పొలం దున్నినవాని పేరు మనుమని పేరుగా మిగిలింది.

3. మూడు తరాల సూత్రం

నామకరణానికి శాస్త్రప్రమాణం వెతికేవాళ్లు సాధారణంగా పారస్కర గృహ్యసూత్రం దగ్గర ఆగుతారు. పదవ దినాన తండ్రి పేరు పెట్టాలనీ, మగబిడ్డకు రెండు గాని నాలుగు గాని అక్షరాల పేరు ఉండాలనీ, ఆడబిడ్డకు బేసి అక్షరాల పేరు ఉండాలనీ అందులో ఉన్నది. మన అంశానికి అంతకంటె దగ్గరి ప్రమాణం పతంజలి మహాభాష్యంలో ఉంది. వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్తూ పతంజలి యాజ్ఞికుల నియమం ఒకటి ఉదాహరిస్తాడు. బిడ్డ పేరు 'త్రిపురుషానూకం' కావాలన్నది అందులో ఒక షరతు. అంటే పేరు పెట్టే తండ్రికి పైనున్న మూడు తరాల పురుషులను అనుసరించిన పేరు కావాలి. శత్రువుల ఇళ్లలో స్థిరపడిన పేరు కాకూడదన్నది మరొక షరతు. పెద్దల పేరు పెట్టడానికి, పగవాని పేరు మానడానికి ఒకే వాక్యంలో విధి చేసిన ఆ యాజ్ఞికులకు పల్లెటూరి లోకజ్ఞానం బాగానే ఉన్నట్లుంది.

శాసనాలలోని రాజవంశాలను ఈ దృష్టితో చూస్తే క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. విజయపురి ఇక్ష్వాకులలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు, అతని కుమారుడు ఎహువుల చాంతమూలుడు. తాత పేరు మనుమనికి వచ్చింది, ముందు ఒక విశేషణం చేరింది. కాకతీయులలో మొదటి ప్రోలుని కుమారుడు రెండవ బేతరాజు, రెండవ బేతరాజు కుమారుడు రెండవ ప్రోలుడు. మొదటి ప్రోలుని తండ్రి మొదటి బేతరాజు. కాబట్టి బేత, ప్రోల, బేత, ప్రోల అని నాలుగు తరాలు రెండే పేర్లతో నడిచాయి. 'మొదటి', 'రెండవ' అన్నవి చరిత్రకారులు తమ సౌకర్యం కోసం పెట్టుకొన్న గుర్తులు. ఆ ఇంట్లో వాళ్లకు ఆ అవసరం లేదు, తాత పేరు మనుమనికి ఉండడం వాళ్లకు అయోమయం కలిగించే విషయం కాదు. కామారెడ్డికి ఇంకా దగ్గరగా బోధన్ నుంచి, తరువాత వేములవాడ నుంచి పాలించిన చాళుక్యులలోనూ యుద్ధమల్ల, అరికేసరి, నరసింహ, బద్దెగ అనే కొద్దిపాటి పేర్లే తరతరాలుగా తిరిగాయి. పంపకవిని ఆదరించిన అరికేసరి ఆ పేరున్న రాజులలో రెండవవాడు.

ఆడవారి పేర్ల చరిత్ర ఇంత సరళంగా లేదు. శాతవాహనుల గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అనే పేర్లలో తల్లి గోత్రనామం రాజు పేరులో భాగమయింది. నాసిక్ శాసనంలో గౌతమీ బలశ్రీ తనను గౌతమీపుత్ర శాతకర్ణికి తల్లిగా, పులుమావికి నానమ్మగా చెప్పుకొన్నది. ఆధునిక పరిభాషలో మధ్యపేరు అని పిలిచేదానికి మన గడ్డ మీద దొరికే తొలి ఉదాహరణ ఇదేనని చెప్పడానికి వీలుంది. తండ్రి పేరు కాకుండా తల్లి వైపు ఆనవాలు రాజు పేరుకు ముందు నిలవడం అందులోని విశేషం. కాకతీయుల కాలంలో మరొక పద్ధతి కనిపిస్తుంది. గణపతిదేవుని కుమార్తెలలో ఒకరు గణపాంబ. రుద్రదేవుని పేరు రుద్రమ పేరులో, ఆమె మనుమడు ప్రతాపరుద్రుని పేరులో కొనసాగింది. ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కూతురు కొడుకు. పేరు మగవాని నుంచి ఆడబిడ్డకు, ఆమె నుంచి కూతురి సంతానానికి నడిచిన ఈ దారి ఆ కాలానికి అరుదైనది. వారసత్వం కూడా అదే దారిన నడవడం వల్ల అది సాధ్యమయింది.

4. పెద్ద, నడిపి, చిన్న

ఒకే తాతకు నలుగురు కొడుకులుంటే నలుగురి ఇళ్లలోనూ ఒక్కో మనుమనికి ఆ తాత పేరు వస్తుంది. అన్నదమ్ములు ఒకే దేవునికి మొక్కుకొంటే వారి పిల్లలందరికీ ఆ దేవుని పేరే వస్తుంది. ఈ చిక్కు తీర్చడానికి వాడుకభాష మూడు మాటలు తయారుచేసుకొన్నది. పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం. పెద్ద సాయవ్వ, చిన్న సాయవ్వ. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతపు భూమి కాగితాలలో, ఓటరు జాబితాలలో 'నడిపి' అన్న మాట పేరులో భాగంగానే కనిపిస్తుంది. కోస్తా ప్రాంతపు గుమాస్తా దాన్ని ఇంటిపేరుగా పొరబడినా ఆశ్చర్యపడనక్కరలేదు.

సాహిత్యచరిత్రలోనూ ఇదే అవసరం ఇలాగే తీరింది. తాళ్లపాక అన్నమాచార్యుని కుమారుడు పెదతిరుమలాచార్యుడు, అతని కుమారుడు చినతిరుమలాచార్యుడు. మహాభారత కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు కూడా తిక్కనే. ఒకరు సోమయాజి అయ్యారు, మరొకరు ఖడ్గతిక్కన అయ్యారు. ఇద్దరికీ ఒకే పేరు పెట్టిన కుటుంబం ముందు యజ్ఞమో కత్తియో చేరుస్తామని అనుకొని ఉండదు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద సౌలభ్యం ఉన్నది. రాజయ్య అన్న పేరు వేములవాడ రాజన్నది, మల్లయ్య కొమురవెల్లి మల్లన్నది, యాదయ్య యాదగిరి నరసింహునిది, లింబాద్రి భీమ్‌గల్ దగ్గరి లింబాద్రిగుట్ట నరసింహునిది. తాత పేరు రాజయ్య అయితే మనుమనికి రాజయ్య అని పెట్టినప్పుడు తాతకూ రాజన్నకూ ఒకేసారి మొక్కు తీరుతుంది. ఇలవేల్పు, పూర్వికుడు ఒకే మాటలో ఇమిడి ఉన్నారు. పెద్ద కొడుకు కొడుకుకు నాయనమ్మ ఇంటి పెద్ద పేరు, రెండవ వానికి అమ్మమ్మ ఇంటి పెద్ద పేరు, ఆడపిల్లలకు అదే క్రమంలో అవ్వల పేర్లు అని పంచుకొంటే నలుగురైదుగురు పిల్లల ఇంట్లో అందరు పెద్దలకూ చోటు దొరికేది. ఎవరూ ఎవరి పేరుకు ముందూ వెనకా నిలబడవలసిన అవసరం రాలేదు. పీర్ల పండుగకు మొక్కుకొన్న హిందూ ఇళ్లలో పీరయ్యలు, ఫకీరయ్యలు కూడా పుట్టారు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డను పెంటకుప్ప మీద ఉత్తుత్తిగా పడుకోబెట్టి తెచ్చుకొని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచినప్పుడు మాత్రం తాతలు, దేవుళ్లు తాత్కాలికంగా పక్కకు తప్పుకొన్నారు. అక్కడ పేరు చేసే పని గౌరవం కాదు, కాపలా.

తాత పేరు పెట్టిన తర్వాత ఇంట్లో ఒక అడ్డంకి ఎదురయ్యేది. కోడలు మామ పేరు నోట పలకరాదు. కొడుకును పిలవాలంటే మామ పేరు పలకాలి. అందుకే తల్లి ఆ బిడ్డను 'తాతా' అనో 'బాపూ' అనో 'పెద్దయ్యా' అనో పిలిచింది. అత్త పేరున్న బిడ్డ 'అవ్వ' అయింది. ఇలా ప్రతి మనిషికీ రెండు పేర్లు ఉండేవి. ఒకటి పెట్టిన పేరు, మరొకటి పిలుపు పేరు. పెట్టిన పేరు వంశానిది, పిలుపు పేరు తల్లిది. బహునామాల చరిత్రలో ఈ పిలుపు పేరుకు తగిన స్థానం ఇంతవరకు దక్కలేదని నా అభిప్రాయం. లిఖితమైనదే పేరు అని మనం అనుకోవడం అందుకు కారణం.

5. పహాణీలో పేరు

నిజాం రాజ్యంలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల నుంచి పాలనాభాష ఉర్దూ. భూమి కొలతలు జరిగినప్పుడు తయారైన సేత్వారు నుంచి 1954-55 ఖాస్రా పహాణీ వరకు రైతు పేరు ఒక చట్రంలో నమోదయింది. పేరు, 'వల్ద్', తండ్రి పేరు. స్త్రీ అయితే పేరు, 'జౌజే', భర్త పేరు. ఇంటిపేరు ప్రతిచోటా రాలేదు. తాత పేరుకు చోటు లేదు.

తాత పేరు మనుమనికి పెట్టే ఇంట్లో ఈ చట్రం ఏమి చేస్తుందో ఊహించవచ్చు. ఎల్లయ్య కొడుకు రాజయ్య, రాజయ్య కొడుకు ఎల్లయ్య, ఆ ఎల్లయ్య కొడుకు మళ్లీ రాజయ్య అనుకొందాం. రికార్డులో 'రాజయ్య వల్ద్ ఎల్లయ్య' అన్న నమోదు రెండు వేరువేరు తరాల మనుషులకు అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. ముందటి రాజయ్య చనిపోయాక విరాసత్ చేయించుకోని కుటుంబంలో, రెండవ రాజయ్యకు అది తన పేరే అనిపిస్తుంది. అతని చిన్నాన్న కొడుకులకు అలా అనిపించదు. పూర్వికుని గౌరవించిన పేరే పూర్వికుని భూమికి తగాదా తెచ్చిన సందర్భాలు ఇలా పుట్టాయి. పెద్ద, నడిపి, చిన్న అన్న మాటలు పహాణీకి ఎక్కడం వెనుక ఈ అవసరం ఉంది. అవి ముద్దుమాటలు కావు, హద్దురాళ్లు.

లిపి మరొక కష్టం. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. ళ, ణ వంటి అక్షరాలకు ప్రత్యేక చిహ్నాలు లేవు. నర్సింలు, నర్సిములు, నరసింహులు అన్న రూపాలలో ఏది ఉద్దేశించినదో ఆ రాతను బట్టి తేల్చడం కష్టం. తరువాత ఆ దస్త్రాలను తెలుగులోకి, ఆపై కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఒకే మనిషికి రెండు మూడు వర్ణక్రమాలు తయారయ్యాయి. 2020లో వచ్చిన ధరణిలోను, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలోను పేరు సవరణ ఒక ప్రత్యేక వ్యవహారంగా ఉండడానికి మూలాలు ఈ రాతలోనే వెతకాలి.

పేరులో ఎన్ని భాగాలు ఉండాలన్నది అందరికీ ఒకే విధంగా దక్కిన హక్కు కాదు. పాములపర్తి వెంకట నరసింహారావు అన్నప్పుడు ఇంటిపేరు, దైవనామాలు, గౌరవపదం వరుసగా ఉన్నాయి. బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరు నిజానికి పుల్లంరాజు. బూర్గుల ఆయన ఊరు. ఒకరికి ఇంటిపేరును ఊరి పేరుతో మార్చుకొనే వెసులుబాటు కూడా ఉన్నది. పాలకుర్తి ఐలమ్మ విషయం చూడండి. ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. ఇంటిపేరు నిలవవలసిన చోట కులం వచ్చి కూర్చుంది. ఆమె పోరాటం వల్ల ఆ మాటకే గౌరవం వచ్చిందన్నది వేరే సంగతి. పల్లెల్లో దొరల కాలాన ఎల్లయ్య అన్న పేరు ఎల్లిగాడుగా పిలువబడింది. పేరు చివరి 'అయ్య' ఊడిపోయిన మనిషికి మధ్యపేరు గురించిన ఆలోచన ఎక్కడిది? మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధుడైన సంస్కర్త జీవితంలో పేరుకు చేరిన ప్రతి భాగం ఒక హక్కు ప్రకటన. తాతను గౌరవించడానికి పేరు పొడిగించడం, తనను గౌరవించమని పేరు పొడిగించడం రెండూ మన బహునామాల చరిత్రలోనివే. రెండవదాన్ని వదిలి మొదటిదాన్ని మాత్రమే సంప్రదాయం అనడం న్యాయం కాదు.

6. ఒక బిడ్డ, నలుగురు పెద్దలు

2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మొత్తం సంతానోత్పత్తి రేటు 1.8. నామకరణ చరిత్రకు ఈ అంకె చాలా ముఖ్యమైనది. గౌరవించవలసిన తాతలు, అవ్వలు ఇప్పటికీ నలుగురే. పేరు మోయవలసిన పిల్లలు ఒకరో ఇద్దరో. అయిదుగురు పిల్లల మీద పంచుకొన్న బాధ్యత ఇప్పుడు ఒక్క తొట్టెలలో పడింది. నాయనమ్మ ఇంటివారు, అమ్మమ్మ ఇంటివారు ఇద్దరూ తమ పెద్ద పేరు ఉండాలంటారు. వాటికి తోడు నక్షత్రం ప్రకారం మొదటి అక్షరం, తల్లిదండ్రులు ఇష్టపడిన కొత్త పేరు. బహునామం ఇక్కడ పుడుతున్నది. అది చాలా ఇళ్లలో ఒక రాజీపత్రం.

రెండవ కారణం ఇంకా లోతైనది. తాత పేరు దేవుని పేరు అయినంతకాలం ఒక మాట రెండు పనులు చేసింది. చదువు, పట్నం, సినిమా తెచ్చిన కొత్త పేర్లు ఆ జంటను విడదీశాయి. తాత పేరు 'పాత పేరు' అయింది. దాన్ని వదలలేక, పిలవలేక, కుటుంబాలు కొన్ని మధ్యేమార్గాలు కనుగొన్నాయి. రాజయ్య రాజేందర్ అయ్యాడు, మల్లయ్య మల్లేశ్ అయ్యాడు, నర్సయ్య నరేశ్ అయ్యాడు. ఎల్లమ్మ కథలోని రేణుక ఎల్లవ్వల మనుమరాళ్లకు పేరయింది. లస్మవ్వ లక్ష్మి అయింది, ఆ పైతరంలో లాస్య అయింది. లాస్యలో లస్మవ్వ మొదటి అక్షరపు నీడ మాత్రమే మిగిలిందని చెప్పాలి. అది కూడా ఇంట్లోవాళ్లు చెప్తే తప్ప తెలియదు. నీడ చాలదనుకొన్నవాళ్లు కొత్త పేరుకు ముందో వెనుకో తాత పేరు యథాతథంగా చేర్చారు. అప్పుడు కొత్త పేరు పిలుపుకు, పాత పేరు కాగితానికి అయ్యాయి. వెనుకటి ఏర్పాటు ఇక్కడ వేరే రూపంలో కొనసాగింది.

ఈ మార్పులో అవ్వల పేర్లు తాతల పేర్లకంటె త్వరగా రాలిపోతున్నాయి. మగబిడ్డ పేరులో వెంకట, నరసింహ, రాజేశ్వర అన్న భాగాలు నిలుస్తున్నాయి. ఆడబిడ్డ పేరులో పోశవ్వ, గంగవ్వ నిలవడం లేదు. గంగవ్వ అయినా గంగామణిగా, గంగగా కొంతకాలం బతికింది, పోశవ్వకు ఆ ఆసరా కూడా దొరకలేదు. సంస్కృత పర్యాయం దొరికిన దేవతల పేర్లు రూపం మార్చుకొని మిగిలాయి, దొరకని గ్రామదేవతల పేర్లు అవ్వలతోపాటు పోతున్నాయి. శాతవాహనుల పేర్లలో తల్లి ఆనవాలు ముందుండేదని గర్వంగా చెప్పుకొనే మనం ఈ సంగతిని కూడా గుర్తించాలి.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. అమెరికా అధ్యక్షుడు హ్యారీ ఎస్. ట్రూమన్ 1884లో పుట్టినప్పుడు తల్లిదండ్రులకు ఇద్దరు తాతలలో ఎవరి పేరు పెట్టాలన్న సమస్య వచ్చింది. తండ్రి తండ్రి ఆండర్సన్ షిప్ ట్రూమన్, తల్లి తండ్రి సాలమన్ యంగ్. ఇద్దరి పేర్లలోనూ ఉన్న 'ఎస్' అక్షరాన్ని మాత్రమే మధ్యలో పెట్టి ఊరుకొన్నారు. ఆ అక్షరానికి విస్తరణ లేదు. మన ఇళ్లలో పొడి అక్షరానికి వెనుక ఒక పూర్తి పేరు ఉంటుంది. అక్కడ పొడి అక్షరమే పూర్తి పేరు, ఇద్దరు వియ్యంకులకూ సమానంగా చెందింది.

7. ముప్పై తొమ్మిది గళ్లు

కామారెడ్డి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు, ఇటీవల అమెరికాకు వలస సాగుతున్నది. మనిషి పేరు గుమాస్తా చేతి నుంచి యంత్రం చేతికి వెళ్లింది ఈ దారిలోనే. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నిబంధనల ప్రకారం పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసకు 44 గళ్లు. మొదటి వరుసలో పత్రం రకానికి, దేశానికి అయిదు గళ్లు పోగా పేరుకు మిగిలేవి 39. ఇంటిపేరుకు, సొంత పేరుకు నడుమ రెండు ఖాళీ గుర్తులు, సొంత పేరులోని భాగాల నడుమ ఒక్కొక్కటి. పాములపర్తి వెంకట నరసింహారావు అన్న పేరులో 'రావు'ను విడిగా రాస్తే రోమన్ లిపిలో 30 అక్షరాలు, నడుమ గుర్తులతో 34 గళ్లు. ఆ పేరుకు ఇంకొక పెద్ద పేరు చేర్చాలంటే నాలుగు అక్షరాలకు మించకూడదు. మించితే ఏదో ఒక భాగాన్ని కుదించాలి. ఆ భాగం ఏదన్నది తొట్టెల నాడు పెద్దలు మాట్లాడుకొన్న విషయం కాదు.

పేరు పొడుగైతే ఒక బాధ, పొట్టిదైతే మరొకటి. సాయిలు, నర్సింలు అన్న ఒకే మాట పేర్లతో పాస్‌పోర్టు తీసుకొన్నవాళ్లు ఈ ప్రాంతంలో చాలామంది. ఇంటిపేరు గడిలో గాని సొంత పేరు గడిలో గాని ఒకటే మాట ఉన్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండవ పుటలో తండ్రి పేరు ఉంటే దాన్ని పరిగణిస్తామని తరువాత సడలించింది. పహాణీలోని 'వల్ద్' మళ్లీ అక్కరకు వచ్చిందన్నమాట. అమెరికా వీసాలో ఒకే మాట పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, సొంత పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యు' అన్న మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని వాటి అర్థం. తాతల పేరు మోసిన మనిషి పరాయిదేశపు కాగితంలో పేరు తెలియనివాడు అవుతున్నాడు.

ఇంటిపేరు ముందు రాసే మన క్రమం వల్ల మరొక తారుమారు జరుగుతున్నది. చివరి మాటను వంశనామంగా తీసుకొనే దేశంలో తాత పేరు చివర ఉంటే అది ఇంటిపేరు అవుతుంది, ఆపై మనుమల మనుమలకు కూడా అదే ఇంటిపేరు. ఇది కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దిలో మారిషస్ చెరకుతోటలకు వెళ్లిన తెలుగు కూలీల కుటుంబాలలో అప్పన్న, రామన్న వంటి సొంత పేర్లు వంశనామాలుగా స్థిరపడ్డాయి. అక్కడ ఒక తాత పేరు శాశ్వతమయింది, అతని పైనున్న ఇంటిపేరు పోయింది.

స్వదేశంలోనూ వెసులుబాటు తగ్గుతున్నది. 1969 జనన మరణాల నమోదు చట్టంలోని 14వ సెక్షను ప్రకారం పేరు లేకుండా బిడ్డ జననం నమోదు చేయించవచ్చు. పేరును తరువాత చేర్పించవచ్చు. ఇరవై ఒకటో నాటి తొట్టెలకు, నక్షత్రం చూసే పంతులుకు, వియ్యంకుల సంప్రదింపులకు ఆ ఏర్పాటు బాగా సరిపోయింది. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లల విషయంలో బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు, వివాహ నమోదుకు జనన తేదీకీ స్థలానికీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి అందులో రాసిన పేరు, రాసిన వరుస, రాసిన వర్ణక్రమం తక్కిన కాగితాలన్నింటికీ మూలమవుతాయి. తొట్టెలలో తాత పేరు, బడిలో మాస్టారు రాసిన పేరు, పహాణీలో పట్వారీ రాసిన పేరు, తల్లి నోట 'బాపు' అని నాలుగు పేర్లతో బతికిన మనిషి ముని మనుమనికి కాగితం మీద ఒకటే గడి. ఆ గడిని రుసుము లేకుండా నింపడానికి ఇంటివారికి ఉన్న గడువు 12 నెలలు. ఆలస్య రుసుముతో 15 ఏళ్లు.